మూడు వందల పేర్లు, నాలుగు నెట్ల నారు

2023 జూలై. నరసరావుపేట పల్నాడు రోడ్డులో ఒక జిరాక్స్ షాపు పైన, ఇనప మెట్లెక్కి వస్తే నా ఆఫీసు. ఆఫీసంటే రెండు కంప్యూటర్లు, ఒక ఇన్వర్టర్, ఎప్పుడు చూసినా ఏదో ఒక వైరు ఊడి ఉండే ప్రింటరు. వెబ్‌సైట్లు తయారుచేసి, వాటి బాగోగులు చూడటం నా పని. అంతకుముందు ఎనిమిదేళ్ళు ఇదే గదిలో డీటీపీ చేశాను. పెళ్ళికార్డులు, ఓణీల ఫంక్షన్ల ఫ్లెక్సీలు, పుట్టినరోజు బ్యానర్లు. ఆ పని ఎందుకు మానేశానో చెబితేగాని ఈ సంగతి అర్థం కాదు.

మా వైపు ఫ్లెక్సీలో అసలు విషయం ఒక మూల ఉంటుంది. మిగతా అంతా పేర్లు, ఫొటోలు. ఎవరి ఫొటో ఎవరిదాని కంటే అరంగుళం పెద్దదో స్కేలు పెట్టి కొలిచేవాళ్ళను నేను కళ్ళారా చూశాను. ఒక గృహప్రవేశం కార్డులో పెద మేనమామ పేరు రెండో వరసలోకి జారిందని, అచ్చయిన కార్డులన్నీ తెచ్చి నా బల్ల మీద కుప్పపోసి వెళ్ళారు. ఆ మధ్యాహ్నమే నిర్ణయించుకున్నాను, ఇక పేర్ల జోలికి పోకూడదని. కూర్చుని వెబ్‌సైట్ల పని నేర్చుకున్నాను. పీడా విరగడైందనుకున్నాను.

వెంకటేశ్వర్లు బాబాయ్‌ది నాదెండ్ల మండలంలో ఒక ఊరు. మా నాన్న ఆ ఊరి బళ్ళో పద్నాలుగేళ్ళు టీచరుగా చేశారు. అప్పట్నించీ ఆయన నాకు బాబాయ్, ఆయన భార్య అనసూయమ్మ పిన్ని. మాది చర్చికి వెళ్ళే కుటుంబం, వాళ్ళది కాదు. అయినా వరసలు మాత్రం సొంత ఇంటివే. అందుకే ఆయన్ని కస్టమర్‌గా వదిలించుకునే దారి నాకు ఏ రోజూ లేదు.

వాళ్ళకి మిరప నారు నర్సరీ ఉంది. పొలంలో షేడ్‌నెట్లు, అంటే ఎండ తగలకుండా పచ్చ వలలు కప్పిన పందిళ్ళు, నాలుగు. వాటి కింద ప్రోట్రేలు అనే గుంటల ట్రేలలో కొబ్బరిపొట్టు నింపి, గుంటకో గింజ వేస్తారు. నలభై రోజులకి నారు నాటడానికి వస్తుంది. యాభై అయిదు దాకా ఎలాగో నడుస్తుంది. అరవై దాటితే ముదిరిపోతుంది, ఎవరూ ముట్టుకోరు. పాలు అమ్ముకునేవాళ్ళకి సాయంత్రం దాకా గడువుంటే, నారు అమ్ముకునేవాళ్ళకి మరో పదిహేను రోజులు ఎక్కువ, అంతే.

ఆ ఏడు వానలు వెనకబడ్డాయి. కాలవకి నీళ్ళొస్తాయో రావో తెలియక చుట్టుపక్కల రైతులు నారు మాటే ఎత్తలేదు. అప్పటికే నాలుగు నెట్లలోనూ గింజ పడిపోయింది. అంతకుముందు ఏడాదే ఒక నెట్టు నారు అమ్ముడుపోక, తీసి గట్టున పోశారు. “ఈ ఏడు గూడా అట్టాగే అయితే నెట్లు పీకేసి మొక్కజొన్న ఏసుకుంటాం” అని పిన్ని ముందే చెప్పింది. ఆ నెట్లు పీకేస్తే వాళ్ళ బతుకుతెరువుతోపాటు ట్రేలు నింపే పద్నాలుగు మంది ఆడవాళ్ళ పనీ పోతుంది. కాబట్టి బోరు నీళ్ళున్న దూరప్రాంతాల రైతులకి ఈ నర్సరీ సంగతి తెలియాలి. సైట్‌కి జనాన్ని రప్పించమని నాకు అప్పజెప్పారు.

సైట్ నేనే ఏడాది ముందు చేసిచ్చాను. అందులో ఒక బ్లాగు పెట్టి, ఫోన్లోంచే ఎలా రాయాలో బాబాయ్‌కి నేర్పాను. ఆయన రాతలో వంక పెట్టడానికి లేదు. నారు పోసిన పన్నెండో రోజు నీళ్ళెంత పెట్టాలి, ఆకు ఏ రంగుకి తిరిగితే ఏం లోపం, ఎవరో పెద్దాయన గట్టు మీద కూర్చుని చెబుతున్నట్టే ఉంటుంది. నలభై పోస్టుల పైనే రాశాడు. ఇన్ని మంచి పోస్టులుండి కూడా సైట్‌కి రోజుకి పదీ పదిహేను మందికి మించి ఎందుకు రావడం లేదో చూద్దామని జూలై మూడో వారంలో లోపలికి వెళ్ళాను.

ఇక్కడ ట్యాగ్ అంటే ఏమిటో చెప్పాలి. బ్లాగు పోస్టు కింద అంటించే చిన్న చీటీ ట్యాగ్. ‘ఆకుముడత’ అని చీటీ అంటిస్తే, ఆ చీటీ ఉన్న పోస్టులన్నీ ఒక పేజీలో చేరతాయి. ఒక పోస్టు చదవడానికి వచ్చినవాడు చీటీ నొక్కి మరో నాలుగు చదువుతాడు. బయట సెర్చ్‌లో వెతికేవాళ్ళకి కూడా ఆ పేజీ కనపడే అవకాశం ఉంటుంది. ట్యాగ్ పెట్టగానే జనం వచ్చి పడతారని నేను చెప్పను. కానీ సరిగ్గా పెడితే దారి చూపిస్తుంది, అడ్డదిడ్డంగా పెడితే దారి మూసేస్తుంది. ఒక్కో ట్యాగ్‌కి సైట్‌లో ఒక పేజీ తయారవుతుంది కాబట్టి, పనికిరాని ట్యాగులు వంద పెడితే పనికిరాని పేజీలు వంద పుడతాయి.

‘నారుమడిలో తెల్లదోమ’ అన్న పోస్టు తెరిచాను. కింద నలభై ఏడు ట్యాగులున్నాయి. మొదటిది ‘కోటయ్య అన్నయ్య’. రెండోది ‘వియ్యంకుడు గారు, సత్తెనపల్లి’. తరవాత బావమరిది, సర్పంచ్, మాజీ సర్పంచ్, బోరు వేసిన మేస్త్రి, పాలకేంద్రం ప్రెసిడెంటు. ఎక్కడా తెల్లదోమ అన్న మాట లేదు. మొత్తం సైట్‌లో లెక్క చూస్తే మూడు వందల పన్నెండు ట్యాగులు, అన్నీ మనుషులే. వెంటనే ఫోన్ చేశాను.

“ఏంది బాబాయ్ ఇది?”

“ఏదమ్మా?”

“తెల్లదోమ గురించి రాసి, కింద మీ వియ్యంకుడి పేరు పెట్టారు.”

“ఆయన మోటారు ఇప్పియ్యకపోతే ఆ నెట్టుకి నీళ్ళు ఎక్కడియ్యి? పెట్టొద్దా?”

“ట్యాగ్ దేనికో నేను చెప్పాను కదా. నొక్కితే దానికి సంబంధించిన పోస్టులన్నీ రావడానికి.”

“ఎందుకు మర్చిపోతానమ్మా. అందుకే పెట్టా. ఆయన పేరు ఆయన నొక్కుకుంటాడు, మన పోస్టులన్నీ వస్తయ్. మా అన్న గూడా అట్టాగే చూస్తన్నాడు.”

అర్థం కాకపోతే మళ్ళీ చెప్పొచ్చు. అంతా అర్థమై, బాగా అర్థమై ఇలా చేసినవాడికి ఏం చెప్పాలి? ఇంట్లోంచి నలుగురి కళ్ళ ముందుకి ఏది వెళ్ళినా, దాని కింద మనవాళ్ళ పేర్లుండాలి. కార్డయినా, ఫ్లెక్సీ అయినా, గుడి దగ్గర బల్లయినా. ఆయనకి బ్లాగు కూడా అంతే. రోజూ వచ్చే ఆ పది పదిహేను మంది ఎవరో కూడా తెలిసిపోయింది. ఎవరి పేరు వాళ్ళు నొక్కి చూసుకుని, తృప్తిగా వెళ్ళిపోతున్న చుట్టాలు.

పేర్లు తీసేస్తానన్నాను. “పెట్టకపోతే మర్చిపోయారనుకుంటారు. పెట్టి తీసేస్తే మొహాన కొట్టినట్టే గదమ్మా” అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు, అదే నా బాధ. ఇంకొన్నాళ్ళు చూద్దామన్నాడు. నారుకి అప్పటికి పదహారు రోజులు.

తరవాత వారం గోరుచుట్టు మీద రోకటిపోటు. సైట్‌లో పక్కన ట్యాగ్ క్లౌడ్ అని ఒక పెట్టె ఉండేది. అందులో ట్యాగులన్నీ గుంపుగా కనిపిస్తాయి, ఏ ట్యాగ్ ఎక్కువ పోస్టులకి ఉంటే దాని అక్షరాలు అంత పెద్దవవుతాయి. ఇది సాఫ్ట్‌వేర్ దానంతట అదే చేసుకునే పని. ఒక ఉదయం కోటయ్య పెదనాన్న, అంటే బాబాయ్ వాళ్ళ అన్న, నాకు ఫోన్ చేశాడు.

“ఏమ్మా సునీతా, మాస్టారి కూతురివి, నువ్వు గూడా ఇట్టా చేత్తావా?”

“ఏం చేశాను పెదనాన్నా?”

“మా తమ్ముడి సైట్‌లో నా పేరు చీమ తలకాయంత ఏశావు. వాడి బావమరిది పేరు గుమ్మడికాయంత ఏశావు.”

“నేను వెయ్యలేదు పెదనాన్నా. ఎక్కువసార్లు వాడిన పేరు అదే పెద్దదవుతుంది.”

“అయితే నాది ఎక్కువసార్లు వాడు.”

ఫోన్ పెట్టేశాడు. సాయంత్రానికి బాబాయ్ కూర్చుని, నలభై పోస్టులకీ ఒక్కొక్కటిగా అన్న పేరు తగిలించాడు. మర్నాడు బావమరిది అలిగాడు. దానికి విరుగుడుగా బాబాయ్ ఆయన పేరే ‘బావ’ అని ఒకటి, ఊరితో కలిపి ఒకటి, రెండు ట్యాగులు చేశాడు. నాకు ఒళ్ళు మండి ఆ పెట్టె మొత్తం కనపడకుండా ఆపేశాను. గంటలో పదకొండు ఫోన్లు. మా పేర్లు ఎందుకు తీసేశారని. పోస్టుల కింద ఉన్నాయి చూసుకోండి అని ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి గొంతు పోయింది. ఆ పదకొండు మందిలో ఒక్కరు కూడా నారు ఎలా ఉందని అడగలేదు.

ఇదంతా చెబుతూ నన్ను నేను తెలివైనదానిలా చూపించుకుంటున్నాను గాని, నా నిర్వాకం కూడా చెప్పాలి. పేర్ల బదులు పెట్టడానికి నేనొక పట్టిక రాసుకున్నాను. ‘చిల్లీ నర్సరీ’, ‘హైబ్రిడ్ సీడ్లింగ్స్’, ‘ప్రోట్రే టెక్నాలజీ’, ‘బెస్ట్ నర్సరీ ఇన్ పల్నాడు’. పది ట్యాగులు, చూడటానికి ముచ్చటగా ఉన్నాయి. బాబాయ్ ఒప్పుకోవడమే తరువాయి అన్నట్టు దాన్ని ప్రింటు తీసి పెట్టుకున్నాను.

ఆగస్టు మొదటి వారంలో పిన్ని ఫోన్ చేసింది. “ఏమే, నారుకి ముప్పై రోజులు. మీరిద్దరూ పేర్లు సర్దుకోవడం అయిందా, లేదా?” అంది. ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి నుంచి అటే స్కూటీ తిప్పాను.

నెట్ల కింద నారు పచ్చగా నిగనిగలాడుతోంది. మరో పది రోజుల్లో తీసుకుపోవడానికి ఎవరో ఒకరు రావాలి. మామూలుగా ఆ పాటికి ఊళ్ళోవాళ్ళు వచ్చి, ఈ వరస నాది, ఆ వరస నాది అని చెప్పి పోయేవాళ్ళు. ఆ రోజు నెట్ల దగ్గర మేం ముగ్గురం తప్ప ఎవరూ లేరు. బాబాయ్ మోటారు దగ్గర ఉన్నాడు. నేను పిన్నికి నా పది ట్యాగుల కాగితం చూపించాను. నాతో చదివించుకుంది. ఆవిడకి తెలుగు చదవడం వచ్చు, కళ్ళజోడు తెచ్చుకోలేదు, అంతే.

“ఇట్టా అడిగినోడు ఇంతవరకూ ఒక్కడు లేడు” అంది.

“ఎవరు అడగడం పిన్నీ?”

సమాధానం చెప్పేలోపు ఆవిడ ఫోన్ మోగింది. పిన్ని స్పీకర్ పెట్టి, చేతులతో ట్రేలు సర్దుతూనే మాట్లాడింది. అవతల ఎవరో రైతు. నారు మొదట్లో మెత్తబడి పడిపోతోందని చెప్పాడు. “నీళ్ళు ఎక్కువ పెడతన్నావు. రెండు రోజులు కట్టెయ్. పడ్డయ్యి పీకి బయటెయ్, పక్కదానికి పాకుద్ది” అని ఇంకో నాలుగు జాగ్రత్తలు చెప్పి పెట్టేసింది. అయిదు నిమిషాలకి ఇంకొకరు. ఆకు పైకి ముడుచుకుంటోందని. ఆ తరవాత ఇంకొకరు, నలభై రోజుల నారు నాటొచ్చా, ఇంకా ఆగాలా అని.

“వీళ్ళంతా ఎవరు?”

“నాకేం తెలుసు? ట్రేల మీద నంబరు ఉంటది గదా, అది ఎవురి నించి ఎవురికి పోయిందో. రోజుకి పదిమంది చేత్తారు. మన కాడ నారు కొననోళ్ళే చానామంది.”

“ఇంకేం అడుగుతారు?”

“అడిగిందే అడుగుతారు. మనిషి మారతాడు, మాట మారదు.”

అక్కడే ట్రేల పక్కన కూర్చుని, ప్రింటు తీసిన ఆ కాగితమే వెనక్కి తిప్పి రాసుకున్నాను. పిన్ని చెబుతూ పోయింది, వాళ్ళు ఎలా అంటారో అలాగే. మొదలు కుళ్ళి నారు పడిపోవడం. ఆకు పైకి ముడత. ఆకు కిందికి ముడత. ఎకరానికి ఎన్ని మొక్కలు. నాటాక మొక్క వాడిపోవడం. తొమ్మిది మాటలు చెప్పాక ఆగింది. ఇంతకు మించి ఎవరూ ఏమీ అడగరంది. కంపెనీలవాళ్ళు డబ్బు పోసి తెప్పించుకునే సమాచారం, కొబ్బరిపొట్టు చేతులతో ఒక మనిషి ఊరికే చెప్పేసింది. ఏడాదిగా నేను ఈ ఇంటికి వస్తూ పోతూ, ఆయనతో మాట్లాడటమే గాని ఈవిడని ఒక్క మాట అడగలేదు. సిగ్గేసింది.

ఆ తొమ్మిది మాటలకీ బాబాయ్ ఎప్పుడో పోస్టులు రాసే ఉన్నాడు. కాకపోతే చాలావాటికి పెట్టిన పేర్లు ‘నారుమడి నా అనుభవాలు, పద్నాలుగు’, ‘నారుమడి నా అనుభవాలు, పదిహేను’. ఆకు ముడుచుకుపోయి కంగారులో ఉన్న రైతుకి పద్నాలుగో అనుభవం కావాలో పదిహేనోది కావాలో ఎలా తెలుస్తుంది?

బాబాయ్ మోటారు కట్టేసి వచ్చాడు. విషయం చెప్పాను. పేర్లన్నీ తీసేసి ఈ తొమ్మిదే పెడతానన్నాను.

“తొమ్మిదీ పెట్టు. పేర్లు గూడా ఉంచు.”

“రెండూ కుదరవు బాబాయ్. మూడు వందల పేజీల చెత్తలో తొమ్మిది పేజీలు ఎవరికి కనపడతాయి?”

“చెత్త అనమాక. నా మనుషులు వాళ్ళు.”

పిన్ని తలెత్తకుండా అడిగింది. “ఆ మూడు వందల మందిలో ఎవురన్నా వచ్చి ఈ ఏడు ఒక్క ట్రే పట్టుకపోయారా?”

“వాళ్ళకి నీళ్ళు లేవు. వాళ్ళేం చేత్తారు?”

“అదే నేను చెప్పేది. వాళ్ళకి నీళ్ళు లేవు. నీళ్ళున్నోళ్ళకి నువ్వు తెలవదు.”

బాబాయ్ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. పేర్లన్నిటికీ సైట్‌లో ఒక ప్రత్యేకమైన పేజీ ఉండాలి, ‘మా వాళ్ళు’ అని. అక్షరాలన్నీ ఒకే సైజు. వరస వయసు ప్రకారం. సరేనన్నాను. ఆ సరే అన్న పాపానికి ఇంకో ఆరు రోజులు పోయాయి. వయసు ప్రకారం అంటే వయసులు తెలియాలి. బాబాయ్ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి కనుక్కున్నాడు. మాజీ సర్పంచ్, పాలకేంద్రం ప్రెసిడెంటు ఇద్దరిలో ఎవరు పెద్దో తేలడానికే ఒకటిన్నర రోజు పట్టింది. ఇక్కడ నారు రోజుకో ఆకు వేస్తోంది, అక్కడ ఈయన ఆధార్ కార్డులు చూస్తున్నాడు. తల ప్రాణం తోకకొచ్చింది. నేను రోజుకి రెండుసార్లు కసురుకునేదాన్ని, ఆయన రోజుకి రెండుసార్లు “అయిపోయిందమ్మా” అనేవాడు.

ముప్పై ఏడో రోజున పేర్ల ట్యాగులన్నీ తీసేశాను. తొమ్మిదీ పెట్టాను. ఏ పోస్టుకీ రెండు మూడు ట్యాగులు దాటకుండా చూశాను. పోస్టుల పేర్లు కూడా మార్చి, రైతు అడిగే మాటే పైన పెట్టాను. ఒక్కో ట్యాగ్ పేజీ పైన నాలుగు వాక్యాల్లో ముందు ఏం చెయ్యాలో బాబాయ్ చేత రాయించి, కింద నర్సరీ నంబరు ఇచ్చాను. మొదలు కుళ్ళు పేజీ దగ్గర పిన్ని ఒక వాక్యం కలపమంది. “ఇన్ని చేసినా నారు పోతే, మా దగ్గర ఉంది, ఫోన్ చేయండి.” అంతే. నాకు అది పెద్ద విషయంగా తోచలేదు. రాసి ఊరుకున్నాను.

ఇలాంటి మార్పులు సెర్చ్‌లో కనపడటానికి వారాలు పడుతుంది. ఒక్కోసారి నెల. మొదటి వారం ఏమీ లేదు. చుట్టాలు ‘మా వాళ్ళు’ పేజీకి వచ్చి చూసుకుని పోతున్నారు. నలభై అయిదో రోజు దాటాక ముప్పై మంది, తరవాత డెబ్భై మంది, ఒకరోజు నూట పది. ముఖ్యమైన తేడా లెక్కలో కాదు, వాళ్ళు వచ్చిన ఊళ్ళలో. కృష్ణ అవతలి నుంచి, ఖమ్మం వైపు నుంచి, నేను పేరు కూడా వినని మండలాల నుంచి వస్తున్నారు. ఒక పోస్టు చదివి, ట్యాగ్ నొక్కి, ఇంకో రెండు చదివి వెళుతున్నారు. ఎక్కువమంది వచ్చింది మొదలు కుళ్ళు పేజీకి.

నలభై తొమ్మిదో రోజున నేను అక్కడే ఉన్నాను. ఒక మినీ వ్యాను వచ్చి నెట్ల ముందు ఆగింది. దిగినాయనకి నలభై ఏళ్ళుంటాయి. బాబాయ్ మంచినీళ్ళిచ్చి, ఎప్పుడూ అడిగే మాట అడిగాడు.

“ఎవురి తాలూకు?”

“ఎవ్వరి తాలూకు గాదు.”

“అట్టా గాదు, మా సంగతి ఎవురు చెప్పారు?”

“ఎవ్వరు చెప్పలే. నారు మొదట్ల కుళ్ళి పడిపోతాందని ఫోన్ల కొట్టిన, మీదొచ్చింది. మీరు చెప్పినట్టే చేసిన గాని అప్పటికే ఆలిస్యమైంది. మడంతా పోయింది. బోరుల నీళ్ళున్నయి, దున్ని పెట్టుకున్న, నారే లేదు. ఆఖర్న రాసిన్రు గదా మీ దగ్గర ఉందని.”

నాకు అప్పుడు వెలిగింది. నారు కుళ్ళిపోయినవాడికే గదా నారు కావాల్సింది. పొలం సిద్ధంగా ఉండి, నీళ్ళుండి, చేతిలో నారు లేనివాడు ఎక్కడున్నా ఏ మాట వెతుకుతాడో ఆ మాట పిన్నికి తెలుసు. ‘బెస్ట్ నర్సరీ’ అని వాడెందుకు వెతుకుతాడు? వాడి దృష్టి చచ్చిపోతున్న తన నారు మీద ఉంటుంది.

ఆయన రెండెకరాలకి సరిపడా ట్రేలు ఎక్కించుకుపోయాడు. వ్యాను మలుపు తిరిగేదాకా బాబాయ్ చూస్తూ నిలబడ్డాడు. “మనకి ఏమీ కాని మనిషి” అన్నాడు, తనలో తను అనుకున్నట్టు. పాతికేళ్ళ నర్సరీలో ఎవరో ఒకరి పేరు చెప్పకుండా బాబాయ్ దగ్గర నారు కొన్న మొదటి మనిషి ఆయనే.

తరవాత పది రోజుల్లో మూడు నెట్లు ఖాళీ అయ్యాయి. నాలుగోది కాలేదు. అరవయ్యో రోజు దాటింది. కాండం గట్టిపడి, కొన్ని మొక్కలు ట్రేలోనే పూతకొచ్చాయి. పద్నాలుగు మంది ఆడవాళ్ళూ కూర్చుని, తాము నింపిన ట్రేలను తామే విదిలిస్తుంటే నేను చూడలేకపోయాను. పేర్ల గొడవలో, వయసుల గొడవలో, నా పది ఇంగ్లీషు ట్యాగుల గొప్పలో కలిపి మూడు వారాలు పోయాయి. ఆ మూడు వారాలు మిగిలి ఉంటే ఆ నెట్టు కూడా అమ్ముడుపోయేది. పిన్ని ఆ మాట పైకి అనలేదు. అని ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

నెట్లు పీకుతారా అని అడిగాను. మూడు అమ్ముడుపోయాయి కాబట్టి వచ్చే ఏడు కూడా వేస్తామంది.

బాబాయ్ గట్టు మీద కూర్చుని ఫోన్లో ఏదో రాస్తున్నాడు. నాకు చూపించాడు. ‘ముదురు నారు కొనొద్దు’ అని కొత్త పోస్టు. అరవై రోజులు దాటిన నారు నాటితే వేరు సరిగా తగలదని, మొక్క కొమ్మలు వెయ్యదని, చవగ్గా ఇస్తామన్నా తీసుకోవద్దని రాశాడు. గుర్తుపట్టడానికి తన నాలుగో నెట్టు మొక్కనే పీకి ఫొటో తీసి పెట్టాడు. నాకు మళ్ళీ కోపం వచ్చింది. ఇద్దరు ముగ్గురు సగం ధరకి అడుగుతున్నారని పిన్ని ఆ పొద్దున్నే చెప్పింది.

“కొంచెం ఆగి పెట్టొచ్చు కదా బాబాయ్. ఇది చూస్తే ఆ అడిగేవాళ్ళు కూడా రారు.”

“రాకపోతే పోనీ.”

“మీ నారే కదా పోయేది.”

“నువ్వు చీటీలు పెట్టి దారి చూపిత్తన్నావు. ముక్కూ మొహం తెలియనోళ్ళు, చీటీ నమ్మి అంత దూరం నించి వస్తన్నారు. మా అన్నకి ఒకసారి ముదురు నారు ఇచ్చినా తిట్టి మళ్ళీ నా కాడికే వస్తాడు. ఆ వ్యానాయన రాడమ్మా. వాడికి నేను ఎవుర్ని?”

సైట్‌కి నలుగురిని ఎలా రప్పించాలో నేర్చుకోవడానికి నేను ఎన్నో రాత్రులు కూర్చుని చదివాను. వచ్చినవాడికి మనం ఏమీ కామని, వాడు మన మొహం చూసి సర్దుకుపోడని, అక్కడ ఉన్న మాట ఒక్కటే చూస్తాడని ఎక్కడా చదవలేదు. ట్యాగ్ అంటే మనల్ని ఎరగనివాడు కష్టంలో అడిగే మాట అని ఇప్పుడు నా దగ్గరికొచ్చే ప్రతి కస్టమర్‌కీ చెబుతున్నాను. వాళ్ళలో సగం మంది తల ఊపి, ఇంటికెళ్ళి పేర్లే పెడుతున్నారు.

ఆ రోజు మాత్రం నరసరావుపేటకి వచ్చేదాకా ఆయన్ని మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను. ఆఫీసుకొచ్చి, ఆ పోస్టు తెరిచి, పిన్నికి ఫోన్ చేసి, దీని గురించి రైతులు ఏమని అడుగుతారని అడిగాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టే పదో ట్యాగ్‌గా పెట్టాను: ‘ముదురు నారు నాటొచ్చా’.